జూబ్లీహిల్స్‌లో పాత ఫ్లాటా, కోకాపేటలో కొత్త టవరా?

ఖర్చు: రిజిస్ట్రేషన్ రెండుచోట్లా ఉంటుంది. కోకాపేటలో కడుతుండగా కొంటే పైన 5 శాతం జీఎస్టీ. జూబ్లీహిల్స్ పాత ఫ్లాట్‌కి అది లేదు, కానీ పైపులు, వైరింగ్ మార్చుకోవాలి.

భూమి: అసలు తేడా ఇక్కడే. నాలుగైదు అంతస్తుల పాత బిల్డింగులో మీకు రాసిచ్చే స్థలం వాటా సాధారణంగా ఎక్కువ. నలభై అంతస్తుల టవర్‌లో అది నాలుగు చాపలు పరిచేంతే అనిపిస్తుంది! రేపు పడగొట్టి కట్టాల్సి వస్తే లెక్కకొచ్చేది ఆ వాటానే.

రిస్క్: పాతదానికి లింకు డాక్యుమెంట్లు (ఇదివరకటి అమ్మకాల పత్రాలు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) లాయర్‌కి చూపించాలి. కొత్తదానికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడాలి. ఆలస్యమైతే అద్దె, ఈఎంఐ రెండూ కట్టే టెన్షన్.

రోజువారీ: జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు, మెట్రో. కోకాపేటలో జిమ్, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు), బరువైన మెయింటెనెన్స్.

ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే కోకాపేట. అమ్మానాన్నలు వెంట ఉంటే జూబ్లీహిల్స్, కానీ లిఫ్ట్ ఉందో లేదో ముందు చూసుకోండి.