మాస్టారు అరిచేవారు, యాప్ అచ్చేసి పంపింది

రెండేళ్ల కిందట ఈ కుర్తీల యాప్‌కి నేనే ఐదు స్టార్లిచ్చి ఓ పేరా పొడుగున పొగిడాను. అది చూసి మా స్టాఫ్‌రూమ్‌లోనే ముగ్గురు కొన్నారు. వాళ్లకి బాకీ పడ్డట్టుంది, అందుకే ఇది. పేరు చెప్పను. కొలతలిస్తే మన ఒంటికి కుట్టి పంపే యాపులు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటనుకోండి. గుడ్డ, రేటు, ఎన్ని రోజుల్లో వస్తుంది, ఇవన్నీ మీకు తెలిసినవే. నా గొడవంతా కొలతల దగ్గరే.

అసలు నేను యాప్‌కి ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. అల్లిపురంలో మాకు ఒక టైలర్ మాస్టారున్నారు. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే. కుట్టు బంగారం. కానీ ఆది జాకెట్టిచ్చినా సరే, దాన్ని బల్ల మీద పరిచి టేపు పెట్టి ఒక్కో అంకే గట్టిగా చదువుతారు. లోపల కుర్రాడు రాసుకోవాలి, మధ్యలో మూడు మిషన్లు తిరుగుతుంటాయి, అరవక తప్పదు. ఒక శ్రావణమాసంలో కొట్టు కిటకిటలాడుతోంది. "ఛాతీ..." అని ఆయన నా అంకె అందుకున్నారు. నా వెనకాల మా ఎనిమిదో తరగతి పిల్లాడి నాన్న, వాళ్లావిడ జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చి నించున్నాడు. మర్నాడు పేరెంట్స్ మీటింగులో ఆయన మొహం చూడలేకపోయాను. (ఆ అంకె ఇక్కడ కూడా రాయను. రాస్తే ఇదంతా ఎందుకు.)

అలాంటిదాన్ని, పడగ్గది గడియ పెట్టుకుని నాకు నేనే కొలతలిచ్చుకోవచ్చంటే పండగే కదా. ఎత్తు ఎంతో టైపు చేయాలి, ఒంటికి అంటుకునే బట్టలేసుకోవాలి, ఎదురుగా ఒక ఫొటో, పక్కకి తిరిగి ఒకటి. ఎత్తు ఎందుకంటే, ఫొటోలో మనిషి ఎంత పెద్దో కెమెరాకి తెలీదు; మన ఎత్తుని బట్టే మిగతావి లెక్కేస్తుంది. ఫోన్‌ని చెంబుకి ఆనించి, లెగ్గింగులో మొద్దులా నించున్నాను. వారానికి కుర్తీ వచ్చింది. భుజం దగ్గర జారలేదు, తుంటి దగ్గర పట్టలేదు. ఐదు స్టార్లు ఆ రోజువే.

అప్పట్లో "చంక దగ్గర కూడా అస్సలు పట్టేయదు" అని రాశాను. అది కుర్తీల వరకే. తర్వాత రెండు జాకెట్లు కుట్టించాను. చెయ్యి దించి తీసిన ఫొటోలో చంక చుట్టుకొలత ఏం కనబడుతుంది? అంచనా వేసుంటుంది. మన విశాఖ ఉక్కపోతకి మధ్యాహ్నానికల్లా అక్కడ ఒరుసుకుపోయి మంట. లోపల మార్జిన్ కూడా వదల్లేదు, విప్పుకుందామన్నా. సరే, అది చిన్న సంగతి.

పెద్ద సంగతి మొన్న సంక్రాంతి ముందు జరిగింది. నేను స్కూల్లో ఉన్నాను, పార్సిల్ వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లారు. మాది సీతమ్మధారలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. సాయంత్రం వచ్చేసరికి వాచ్‌మన్ భార్య కవరు అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "ఏటమ్మా ఇది, జాతకమా? అన్నీ నెంబర్లే" అంది. చూద్దును కదా, కవరు మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ జేబులో, అడ్రసు చీటీ ఉండాల్సిన చోట పసుపు కాగితం. పైన నా పేరు, ఫోన్ నెంబరు, ఫ్లాట్ నెంబరు. కింద వరసగా పై ఛాతీ, కింది ఛాతీ, నడుము, పొట్ట, తుంటి, తొడ, అన్నీ అర అంగుళంతో సహా. అన్నిటికన్నా అడుగున కటింగ్ మాస్టర్ కోసం ఇంగ్లీషులో ఒక ముక్క: పొట్ట ముందుకుంది, ముందు వైపు లూజు పెట్టండి.

వాచ్‌మన్ భార్యకి ఇంగ్లీషు రాదు. కింద ఫ్లాట్ వదినకి వచ్చు. పార్సిల్ మధ్యాహ్నం పన్నెండింటి నుంచి మెట్ల పక్క కుర్చీలోనే ఉందట. ఆ రాత్రి చెత్త పడెయ్యడానికి దిగితే వదిన చాలా ప్రేమగా అడిగింది, "ఓసారి థైరాయిడ్ టెస్టు చేయించుకోకూడదూ?" అంతే. కాగితం ఊసే ఎత్తలేదు. ఎత్తుంటే పోట్లాడేదాన్ని.

ఇన్నాళ్లూ నా భయం వేరు. ఆ ఫొటోలు ఏ సర్వర్లోకి పోతున్నాయో, ఎవడు చూస్తున్నాడో అని టెన్షన్ పడేదాన్ని. తీరా చూస్తే పరువు తీసింది ఒక ప్రింటరు.

కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ప్రతి బట్ట వెంట కొలతల కార్డు ఒకటి తిరుగుతుందట, ప్యాకింగులో అదే అడ్రసు చీటీ అనుకుని పెట్టేశారట. నెక్స్ట్ ఆర్డర్‌కి రెండొందలు తగ్గిస్తామంది. నాకు రెండొందలొద్దు, నా కొలతలు తీసెయ్యండి అన్నాను. యాప్‌లో "ప్రొఫైల్ తొలగించు" నొక్కమంది. నొక్కాను, పోయింది. పాత ఆర్డరు తెరిస్తే అవే అంకెలు మళ్లీ ప్రత్యక్షం. అడిగితే "అవి ఆర్డర్ హిస్టరీలో భాగం మేడమ్" అంది. ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు. తీయించడానికి పదకొండు మెయిళ్లు, ఇంకా సగమే అయింది.

మా మరిది రుషికొండ ఐటీ హిల్ మీద పని చేస్తాడు. 2023లో వచ్చిన డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలిగ్గా ఉండాలట. ఏం తీసుకుంటున్నారో చెప్పే నోటీసు మనం కోరితే తెలుగులోనూ ఉండాలట. కంపెనీ డేటాని సరిగ్గా కాపాడకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉందన్నాడు. నేను ఉత్సాహపడేలోపే, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి వదినా, కంపెనీల మీద అసలు బరువు పడడానికి 18 నెలల గడువుంది అని నీళ్లు చల్లాడు. మాస్టారి నోటు పుస్తకం మాత్రం ఈ చట్టం కిందికి రాదట, కాగితం కాబట్టి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని కూడా వాడే చెప్పాడు. అక్కడ పదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకం లోంచి తలెత్తింది. "అమ్మా, నావి కూడా అందులో ఉన్నాయా?" ఉన్నాయి. ఫ్యామిలీ ప్రొఫైల్ అని ఒకటుంటే, పోయినేడు దాని యూనిఫాం చుడీదార్ టేపుతో కొలిచి నేనే పెట్టాను. "నన్నడిగావా?" అంది. అనుమతిచ్చిన తల్లిని నేనే కదా, ఏం చెప్పను. దాని ప్రొఫైలు ఆ రాత్రే తీసేశాను. దాని పేరున ఆర్డర్లేవీ లేవు కనక నిజంగానే పోయింది అనుకుంటున్నాను.

మరి మానేశానా అంటే, లేదు. నా ఒంటికి రెడీమేడ్ కుర్తీ సరిపోదు, భుజం సరిపోతే తుంటి చాలదు. అందుకని ఫొటోలు ఆపేసి టేపుతో కొలిచి అంకెలే పెడుతున్నాను. పొట్ట, తొడ గడులు ఖాళీగా వదిలేస్తున్నాను, కుర్తీకి వాటితో పనేముంది. ఇంటిపేరు తీసేశాను. ఆదివారం ఇంట్లో ఉండి నేనే అందుకుంటున్నాను. మీది ఇండిపెండెంట్ ఇల్లయితే, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటే, మీకు ఇదంతా గోరంత విషయం అనిపించొచ్చు, నాలుగు స్టార్లివ్వొచ్చు. నేను మూడు దగ్గరే ఆగాను, అందులో ఒకటి ఆ కేర్ అమ్మాయి ఓపికకి.

జాకెట్లు మాత్రం మళ్లీ అల్లిపురమే. ఈసారి కొలతలు చీటీ మీద రాసుకెళ్లి, "మాస్టారూ, గట్టిగా చదవకండి" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చీటీ చూసి, "అలాగేనమ్మా" అని లోపలికి పంపారు. కాసేపటికి మిషను ఆపి కుర్రాడు కేకేశాడు, "మాస్టారూ, ఇది నాలుగా, తొమ్మిదా?" మాస్టారు నా వైపోసారి చూసి, టేపు మెళ్లో వేసుకుని లేచి, లోపలికెళ్లి వాడి చెవిలో చెప్పొచ్చారు.