హోయర్ మాంటీకార్లో: ఆ గంటల కిటికీ కోసమే

హోయర్ మాంటీకార్లో అంటే ర్యాలీ కారు డ్యాష్‌బోర్డుకు బిగించే పాత టైమర్, ఒక రకం స్టాప్‌వాచ్. నేరుగా కిటికీ దగ్గరికి వస్తాను. మాంటీకార్లోలో గంటలకు ముల్లు ఉండదు, చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది. నిమిషాలకు, సెకన్లకు పెద్ద ముళ్లు. మా పాత పద్మిని కారు గతుకుల్లో ఎంత ఊగినా ఒక్క చూపుకే టైమ్ తెలిసిపోతుంది.

1958లో హోయర్ వాచీల కుటుంబానికి చెందిన జాక్ హోయర్ ఒక స్విస్ ర్యాలీలో నేవిగేటర్‌గా (డ్రైవరు పక్కన దారి, టైమ్ చూసే మనిషిగా) కూర్చుని, సొంత కంపెనీ ఆటావియా టైమర్‌నే ఒక నిమిషం తేడాగా చదివి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 1933 నుంచి వస్తున్న ఆ మోడల్‌ను పక్కన పెట్టించాడు. మాంటీకార్లో కూడా అదే ఏడాది వచ్చింది. చూపు తడబడిన బాధ తెలిసినవాళ్ల పని అని చేతిలోకి తీసుకోగానే అర్థమవుతుంది.

టీఎస్‌డీ (టైమ్-స్పీడ్-డిస్టెన్స్) ర్యాలీలో ఇచ్చిన సగటు వేగానికి సరిగ్గా సరిపోవడమే పోటీ, ముందొచ్చినా ఆలస్యమైనా పెనాల్టీ. గంటకు 36 కిలోమీటర్ల సగటు ఇస్తే కిలోమీటరుకు సరిగ్గా 100 సెకన్లు, 48 ఇస్తే 75. స్టార్ట్‌లో టైమర్ నొక్కి వదిలేస్తే చాలు, సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి తీసివేతల గొడవ లేదు.

అలాంటిది ఒకసారి వికారాబాద్ వైపు నిలువునా ముంచింది. లెక్క చూస్తే మేం షెడ్యూల్ కంటే ముందున్నాం. "స్లో చెయ్ రా" అన్నాను. కాసేపటికి ఇంకా ముందున్నాం. "ఇంతకంటే స్లో అంటే బండి ఆపాలి" అని మా డ్రైవరు విసుక్కున్నాడు. ఇంతలో మా తర్వాత నిమిషానికి బయల్దేరిన కారు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. అప్పుడు పరీక్షగా చూస్తే సెకన్ల ముల్లు కదలడం లేదు. నిమిషాల ముల్లు 58 దగ్గర ఆగిపోయి ఉంది.

సికింద్రాబాద్‌లో పాత గడియారాలు చూసే పెద్దాయన విప్పి చూసి నవ్వారు. "స్ప్రింగ్ బాగానే ఉంది బాబూ. ఎవరో గోడ గడియారం నూనె పోశారు, జిగురైపోయింది." గంట మారేటప్పుడు అంకెల బిళ్లను తిప్పడానికి కాస్త ఎక్కువ బలం కావాలట. ఆ జిగురులో అది చాలక మొత్తం ఆగిపోయిందన్నమాట. తప్పు గడియారానిది కాదు, నా చేతికి రాకముందు దాన్ని బాగుచేసిన మహానుభావుడిది. కడిగించాక మళ్లీ ఆగలేదు.

ఒక్క చూపుకే అన్నాను గానీ, అది పగటి మాట. రాత్రి స్టేజీల్లో మ్యాప్ లైటు లేకపోతే కిటికీలో అంకె కనపడదు. చీకట్లో మెరిసే రంగు మళ్లీ వేయిద్దామని అద్దం తీసి గీకకండి, ఆ కాలపు డయళ్ల రంగులో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండటం మామూలే.

కప్పు కొట్టాలంటే ఫోన్ యాప్ చాలు, అది ఆగదు. నాకు పాత బండి, ఓపికున్న డ్రైవరు, పడినా పర్లేదనుకునే పెనాల్టీలు ఉన్నాయి కాబట్టి దీన్ని వదలను. ఇప్పటి ధరలకైతే మళ్లీ కొంటానో లేదో. మీరు కొనేట్టయితే అమ్మేవాళ్లను ఒక వీడియో అడగండి: 55వ నిమిషం నుంచి గంట మారేదాకా, మధ్యలో కట్ లేకుండా.