పోటు వేళ, పొద్దు దిక్కు: కెమెరాతో గోదావరి డెల్టాలో నాలుగు రాత్రులు

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి మూడో వారంలో రాజమహేంద్రవరంలో దిగాను. సంచిలో కెమెరా, రెండు లెన్సులు, ముక్కాలిపీట (ట్రైపాడ్). ఫోనులో ఏడు యాప్‌లు. ఫోటోగ్రాఫర్ల యాప్‌లు అనగానే తీసిన బొమ్మకు మెరుగులు దిద్దేవే చాలామందికి గుర్తొస్తాయి. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. డెల్టాలో తిరిగాక నా అభిప్రాయం మారింది. ఇక్కడ బొమ్మ తీయక ముందే అక్కరకొచ్చేవే అసలైన యాప్‌లు. ఎందుకంటే ఈ నేలమీద దృశ్యాన్ని నిర్ణయించేవి రెండు: పొద్దు ఏ దిక్కున ఉంది, నీరు ఎంత ఎత్తున ఉంది.

మొదటి సాయంత్రం పుష్కర ఘాట్‌లో గడిపాను. 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన మీద 1997 తరువాత రైళ్లు నడవడం లేదు. దాని ఇనుప దూలాల వెనుకకు సూర్యుడు దిగుతుండగా తీయాలని నా కోరిక. ఫోటోపిల్స్ యాప్‌లో పటం మీద మనం నిలబడే చోటు గుర్తు పెట్టి, తేదీ ఎంచుకుంటే సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులను గీతలుగా చూపిస్తుంది. ఈ అక్షాంశంలో డిసెంబరు సూర్యుడు సరిగ్గా పడమటి నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు, జూన్‌లో దాదాపు అంతే ఉత్తరానికి. అంటే చలికాలంలో వంతెనకు ఉత్తరాన ఉన్న మెట్లమీద నిలబడాలి, ఎండాకాలంలో దక్షిణాన. ఈ సంగతి తెలియక పోయినసారి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. ఈసారి మధ్యాహ్నమే వెళ్లి, ఫోను కెమెరాను ఆకాశం వైపు తిప్పి, సూర్యుడు దిగబోయే దారిని తెర మీద చూసుకుని ముక్కాలిపీట నిలబెట్టాను. 5:50 దాటాక సూర్యుడు సరిగ్గా అనుకున్న దూలాల మధ్యకే వచ్చాడు. ఈ యాప్‌ను డబ్బు పెట్టి కొనాలి. పెట్టిన ప్రతి రూపాయికీ అది తగినదే.

దానికి తోడు వాతావరణం చూపే విండీ యాప్. మబ్బులను కింది పొర, నడిమి పొర, పై పొర అని విడివిడిగా చూపడమే దీని గొప్ప. పై పొరలో పల్చని మబ్బు ఉండి, పడమట కింది పొర ఖాళీగా ఉంటే అస్తమయం తరువాత కూడా రంగులు నిలుస్తాయి. ఆ రోజు అదే జరిగింది.

బస విషయంలో ఒక మాట. నగరంలో గది ఎంత విశాలమో చూడకండి, ఘాట్‌కు నడిచి వెళ్లగలమో లేదో చూడండి. తెల్లవారుజామున ఆటో కోసం వెతకడంలోనే పొగమంచు కరిగిపోతుంది. ఏసీ గదిలో కెమెరాను రాత్రంతా సంచి బయట ఉంచితే, ఉదయం తేమ గాలిలోకి రాగానే లెన్సు మీద నీటి పొర కమ్ముతుంది. సంచిలోనే మూసి ఉంచి, బయటికి వచ్చాక పావుగంట ఆగి తెరవాలి.

మరునాడు ధవళేశ్వరం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన చోటు ఇది. దీని దిగువనే నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి డెల్టా మొదలవుతుంది. కాటన్ మ్యూజియం చూడటానికి గంట చాలు. కడియం నర్సరీల దగ్గర ఆగాను గానీ, నడినెత్తిన ఎండలో పూల రంగులు వెలవెలబోయాయి. అక్కడికి ఉదయం తొమ్మిదిలోపే వెళ్లాలి.

కోరింగ కోసం ఒక పూట కాదు, రోజంతా కేటాయించండి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉన్న ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అడవిలో చెక్కల నడకదారి ఉంది. అదే దారి పోటు వేళ ఒక లోకం, ఆటు వేళ మరొక లోకం. పోటులో చెట్ల మొదళ్లు మునిగి, నీటిలో పచ్చటి నీడలు పడతాయి. ఆటులో నీరు వెనక్కి తగ్గాక నేలనుంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య పీతలు, బురదమీద గెంతే చిన్న చేపలు కనబడతాయి. రెండూ కావాలంటే ఆటుపోట్ల వేళలు చూపే యాప్ తప్పనిసరి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఈరోజు వేళకు రేపు నీరు రాదు, దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. యాప్ చెప్పేది కాకినాడ రేవు వేళ. లోపలి పాయల్లోకి నీరు ఎక్కడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఎంత అని పడవ సరంగును అడిగాను. ఆయన చేతి గడియారం చూసి చెప్పిన వేళకే పాయ నిండింది. అమావాస్యకు, పౌర్ణమికి నీటి ఎత్తులో తేడా ఎక్కువ. తేదీ ఎంచుకునే వీలుంటే ఆ రోజుల్లోనే వెళ్లండి.

అక్కడే మెర్లిన్ పనికొచ్చింది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం ఉచితంగా ఇచ్చే ఈ యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది. మన ప్రాంతపు పక్షుల సమాచారాన్ని గదిలోనే దింపుకుంటే సిగ్నల్ లేని అడవిలోనూ పనిచేస్తుంది. కనబడని పిట్ట కూతకు అది నల్లతల లకుముకి పేరు చూపింది. ఏ కొమ్మలు చూడాలో తెలిసింది, పది నిమిషాల్లో పిట్ట దొరికింది.

మూడో రోజు ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు. నా యాత్రలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. గౌతమి మీద పంటు ముక్తేశ్వరం వైపు కదులుతుంటే మోటారు సైకిళ్లు, సైకిళ్లు, తలమీద బుట్టలు పడమటి వెలుతురులో నల్లటి ఆకారాలుగా నిలుస్తాయి. ఇక్కడ కెమెరాను లోపల పెట్టి ఫోనుతోనే తీశాను. ఆండ్రాయిడ్ ఫోనుల్లో పనిచేసే ఓపెన్ కెమెరా ఉచితం. వెలుతురు కొలతను (ఎక్స్‌పోజర్) ఒకచోట కట్టిపడేయవచ్చు, ఫోను సహకరిస్తే రా ఫైలుగానూ, అంటే కెమెరా పట్టింది పట్టినట్టే, దాచుకోవచ్చు. ఆకాశాన్ని బట్టి కొలత బిగిస్తే మనుషుల ఆకారాలు శుభ్రంగా వచ్చాయి.

ఆ రాత్రి రాజోలు దగ్గర ఒక బసలో దిగాను. పులస కాలం కాకపోయినా చేపల పులుసు బాగుంది, గది శుభ్రం. కానీ ఉదయం ఆరింటికి పడవ సిద్ధంగా ఉంటుందని ముందే మాట ఇచ్చి, ఏడున్నరకు పంపారు. పాయమీది మంచు అప్పటికే లేచిపోయింది. చాలా బాధ కలిగింది. ఫోటోల కోసం వచ్చేవారికి ఆ గంటన్నరే యాత్రంతా. పడవ నడిపే మనిషితో ముందు రోజే నేరుగా మాట్లాడుకోండి.

అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలుస్తుంది. చలికాలంలో ఇక్కడ సూర్యుడు సముద్రం మీదనే ఉదయిస్తాడు, సాయంత్రం నది మొగ వైపు దిగుతాడు. జూన్‌లో ఉదయపు సూర్యుడు తీరం వెంబడికి జరిగిపోతాడు. గదులు తక్కువ, మాఘమాసంలో స్వామి కల్యాణోత్సవాల రోజుల్లో అసలు ఆశ పెట్టుకోకూడదు. సిగ్నల్ అక్కడక్కడా పోతుంది కాబట్టి పటాలను ముందే ఫోనులోకి దింపుకోవాలి. సూర్యుడి దారి చూపే యాప్‌లు బ్యాటరీని త్వరగా తాగేస్తాయి, పవర్ బ్యాంకు మరవకండి.

చివరి ఉదయం సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటులో దాటుతూ స్నాప్‌సీడ్‌లో బొమ్మలు దిద్దాను. ఒక ముఖం మీద మాత్రమే వెలుతురు పెంచడానికి అందులోని పనిముట్టు చాలా సులువు, ఉచితం. లైట్‌రూమ్‌లో రంగుల మీద పట్టు ఎక్కువ గానీ, కొన్ని మంచి పనిముట్లకు చందా కట్టాలి. ఆరుబయట ఎండలో తెర సరిగా కనబడదు, అక్కడ రంగులు తేల్చకండి.

నరసాపురం స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఫోటోపిల్స్‌లో కార్తిక పౌర్ణమి తేదీ పెట్టి చూశాను. ముక్తేశ్వరం ఒడ్డున నిలబడితే చంద్రుడు తూర్పునుంచి కొంచెం ఉత్తరానికి జరిగి, కోటిపల్లి వైపు నుంచి పైకి వస్తాడు. ఆ ఘాట్‌లో ఆ రాత్రి దీపాలు వదులుతారు. గది ఇప్పుడే చెప్పి పెట్టుకున్నాను.