సుంకి ఘాటీలో తొక్కేవాళ్లకు ఏ సైకిల్ మేలు?

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, సునాబెడల్లో పొద్దున్నే సైకిలెక్కే మనవాళ్లు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్నది ఒకటే. "అన్నా, గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి ట్రెక్ కొనమంటావా, జెయింటా, ట్రైబనా?" గోవాలో జరిగే ఆ పోటీలో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. అదంతా ఒక్క పూట పని. దానికోసం నెలల తరబడి మనం తొక్కేది మాత్రం సాలూరుకు దిగే కొండదారి, సుంకి ఘాటీలోనే. అందుకే ఏ సైకిలైనా నేను ముందు చూసేది బ్రేకు.

వానాకాలంలో సుంకి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు లివర్ మీంచి వేళ్లు తీసే వీలుండదు. ఎదురొచ్చే లారీ మలుపంతా తనే తీసుకుంటుంది. చక్రం అంచును (రిమ్మును) నొక్కి ఆపే రిమ్ బ్రేకు తడిసిందంటే కాసేపు జారి ఆ తర్వాత గానీ పట్టదు. పైగా రోడ్డు మీది ఇసుక రిమ్మును అరగదీస్తుంది. కనుక చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టే డిస్క్ బ్రేకు ఉండాల్సిందే. అందులో ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకం బలంగా, మెత్తగా పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ లోపలికి గాలి చేరితే బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి. షిమానో కంపెనీ బ్రేకుకు మినరల్ ఆయిల్ పోయాలి, శ్రామ్ కంపెనీవాటిలో చాలావాటికి కార్ల బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఆ పని కోసం ఒకసారి సైకిల్ని బస్సుపైన కట్టించి విశాఖ తీసుకెళ్లాను. రెండు రోజులు పోయాయి, ఆ వారం ప్రాక్టీసూ పోయింది. తీగతో లాగే కేబుల్ డిస్క్ అయితే ఏ ఊరి మెకానిక్ అయినా అరగంటలో కేబుల్ మార్చి ఇస్తాడు. నా లెక్క అక్కడే తేలిపోయింది.

నేను తీసుకున్నది డెకాథ్లాన్ వాళ్ల ట్రైబన్ ఆర్‌సీ 500. కేబుల్ డిస్కులు, షిమానో సోరా గేర్లు. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 32. సాలూరు నుంచి తిరిగి పైకి ఎక్కేటప్పుడు మోకాళ్లను కాపాడేది ఆ 32 పళ్లే. సీటు పోస్టు, అంటే సీటును నిలిపే గొట్టం, మామూలు గుండ్రనిది, ఎక్కడైనా దొరుకుతుంది. బరువెక్కువన్నది నిజం.

ట్రెక్ డొమానే ఏఎల్ 2 కూడా కేబుల్ డిస్కుదే. లావు టైర్లు పడతాయి కాబట్టి గతుకుల్లో నడుం హాయిగా ఉంటుంది, ఈ విషయంలో నాదానికంటే అదే మెరుగు. గేర్లు మాత్రం షిమానో వాళ్ల క్లారిస్, సోరాకి ఒక మెట్టు కింద. డబ్బుకు వెనకాడకపోతే అదే తీసుకోండి, నేనేమీ అనను. జెయింట్ ఫ్రేము గురించి వంక పెట్టేదేం లేదు, 1972 నుంచీ తైవాన్‌లో అదే పనిలో ఉన్నవాళ్లు. అయితే కాంటెండ్ ఏఆర్‌లో సీటు పోస్టు డి ఆకారంలో ఉంటుంది. అది విరిగిందంటే మళ్లీ వాళ్లదే తెప్పించుకోవాలి. స్పెషలైజ్డ్, స్కాట్ కంపెనీల సైకిళ్లూ మంచివే.

సర్వెలో కంపెనీ సైకిల్ సంగతీ అడుగుతున్నారు. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీల్లో ఏళ్ల తరబడి ఎక్కువమంది తొక్కింది ఆ కెనడా సైకిలే. ఐరన్‌మ్యాన్‌లో ఒకరి వెనక ఒకరు నక్కి గాలి తప్పించుకోవడం నిషేధం. గాలికి ఎవరికి వారే ఎదురు నిలవాలి, కాబట్టి ముందుకు వంగి తొక్కే ఆ బండి అక్కడ పనికొస్తుంది. మన ఘాటీలో దాని ఏరోబార్ (హ్యాండిల్ నుంచి ముందుకు సాగే కడ్డీలు) మీద మోచేతులు ఆనించి దిగారంటే బ్రేకు చేతికి అందదు. చదును రోడ్డు మీద సాధనకు మామూలు సైకిల్‌కే అలాంటి విడి కడ్డీలు, క్లిప్-ఆన్ బార్లు బిగించుకోండి, చాలు.

పరుగు బూట్లలో పోటీ హోకా, ఏసిక్స్ కంపెనీల మధ్యే. 2009లో ఇద్దరు ఫ్రెంచివాళ్లు హోకాను మొదలుపెట్టిందే కొండలు వేగంగా దిగడానికి. ఆ మందపాటి అడుగు దిగుడులో తొడల్ని కాపాడుతుంది. కానీ లారీ వచ్చినప్పుడల్లా కంకర అంచుకి దిగి పరిగెత్తాలి కదా, అంత ఎత్తు మీద నా చీలమండ రెండుసార్లు మడతపడింది. అప్పటినుంచి ఏసిక్సే వేస్తున్నాను. డెకాథ్లాన్ వాళ్ల కిప్‌రన్ సాధనకు సరిపోతుంది. అడుగులో కార్బన్ రేకు ఉండే బూట్లు మొదటి పోటీకి అక్కర్లేదు. సైకిల్ దిగి బూట్లు చప్పున తొడుక్కోవడానికి సాగే లేసులు మాత్రం మర్చిపోవద్దు.

ఏ సైకిల్ కొన్నా, ఆ రోజే దాని డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి అదనంగా కొనండి. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే. నాది సీటు కింద సంచిలో, పంక్చర్ సామాను పక్కనే ఉంటుంది.