శేషాచలం మొక్కల కోసం వెళ్తే తలకోన ఒక్కటే చాలదు

తిరుపతి చుట్టుపక్కల అరుదైన మొక్కలు చూడాలంటే ఎవరినడిగినా తలకోనకు వెళ్లమంటారు. నేనైతే దానికి రెండో స్థానమే ఇస్తాను. 270 అడుగుల జలపాతం, చల్లటి నీడ, మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకిన గిల్లతీగ, అన్నీ చూడదగ్గవే. కాకపోతే ఈ శేషాచలం కొండలకే పరిమితమైన మొక్కల్లో చాలావాటికి నీడ, తడి పట్టవు. మట్టి పలచగా ఉండి, రాయి తేలి, ఎండ నెత్తిన కాసే వాలులే వాటి నివాసం. జలపాతం వైపు పరుగు తీసేవాళ్లు వాటిని కారు అద్దంలోంచే దాటేస్తారు.

ఎర్రచందనాన్నే తీసుకోండి. ఖరీదైన చెట్టు కదా, భారీగా ఉంటుందనుకుంటాం. దగ్గరికెళ్తే మొసలి వీపులా పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు, కాడకు మూడేసి గుండ్రటి ఆకులు, చుట్టూ పల్చటి రెక్క ఉన్న బిళ్లలాంటి కాయ. అంతే. ఎండు పుల్లయినా సరే సంచిలో వేసుకోకండి, తనిఖీలో సంజాయిషీలు చెల్లవు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పేరిత. చూడటానికి పొట్టి ఈతచెట్టు, నిజానికి పూలు పూయని సైకస్ జాతి. సన్నటి ఆకురెబ్బల అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి, బహుశా ఎండకు కాచుకోవడానికేమో. కార్చిచ్చుకు మాడి నల్లబడిన మొద్దు మీదే కొత్త ఆకులు గొడుగులా విచ్చుకున్నాయి. తిరుమల, కడప కొండల్లో తప్ప ఇది సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన ఆంక్షలున్న సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది. అయినా మగ మొక్కకు పూల బదులు వచ్చే శంకువులను మందు కోసం కోసుకుపోతూనే ఉన్నారు. అందుకే ఏ వాలులో చూశానో రాయడం లేదు. "ఫోటో తీసుకోండి సార్, చెయ్యి మాత్రం వెయ్యకండి" అన్నాడు వెంట వచ్చిన అటవీ సిబ్బంది కుర్రాడు. తెల్ల కరక, మొగి, కొండసాంబ్రాణి చెట్లను కూడా అతనే గుర్తుపట్టి చూపించాడు. అలాంటి మనిషి తోడు లేకపోతే ఇవన్నీ మనకు వట్టి చెట్లే. లోపలి అడవికి అనుమతి తప్పనిసరి, దానికి కాస్త ముందుగానే తిరగాలి.

అనుమతి దొరకనివాళ్లకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి నయం. 2,388 మెట్లు, నిదానంగా ఎక్కితే కొండ అడవి పక్కనే ఉంటుంది. బరువైన సంచులను దేవస్థానం వారే పైకి చేరుస్తారు. ఆ ఏర్పాటు మెచ్చుకోదగ్గది. చిరుతల సంచారాన్ని బట్టి నడకదారుల వేళలు మారుస్తుంటారు కనుక ముందే కనుక్కోండి.

బస మాత్రం తిరుపతిలోనే పెట్టుకోండి. తలకోన దగ్గర మేం దిగిన గదిలో దుప్పట్లు ముక్కిన వాసన, రాత్రి ఎనిమిదికే వంట లేదన్నారు, ఫోను సిగ్నలు అసలే లేదు. ఆ డబ్బుకు తిరుపతిలో శుభ్రమైన గది, కింద వేడి ఇడ్లీ దొరుకుతాయి. తలకోన ఉన్న నేరబైలు వైపు బస్సులు తక్కువ, తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడుకునే వెళ్లాలి.

జలపాతం కావాలంటే వానల తర్వాత వెళ్లండి. మొగి పూత చూడాలంటే మాత్రం వేసవి ఎండను భరించాల్సిందే. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.