జంప్ స్టార్టర్ కొనేవాళ్లకు జాగ్రత్త: డిక్కీలో ఉంచుకోమన్నవాళ్లే డిక్కీలో ఎందుకు ఉంచారని అడుగుతున్నారు

నాకు జంప్ స్టార్టర్ అమ్మినవాళ్లతో మాట్లాడి ఫోను పెట్టేసి అరగంట కూడా కాలేదు. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. చల్లారితే సగం మరచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

జనవరి అమ్మకాల్లో ఆ షాపింగ్ యాప్ తెరవగానే మొదటి వరసలో కనబడిన నారింజరంగు జంప్ స్టార్టర్ మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ చచ్చిన కారును స్టార్ట్ చేయడానికి వెంట ఉంచుకునే చిన్న బ్యాటరీ పెట్టె అది. '2000 ఆంపియర్లు, 20000 ఎంఏహెచ్' అని పెద్ద అక్షరాలు. మొదటిది ఒక్కసారిగా ఇచ్చే కరెంటు, రెండోది లోపల నిల్వ ఉండే ఛార్జి. 4,299 రూపాయలు పెట్టి కొన్నాను. మాది డీజిల్ కారు. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి, మార్చాలి మార్చాలి అనుకుంటూనే వాయిదా వేశాను. డిక్కీలో ఆ పెట్టె ఉందన్న ధీమాతోనే వేశాను. ఆ తప్పు నాదే.

శనివారం అమ్మను, మా అబ్బాయిని తీసుకుని శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్నాం. అమ్రాబాద్ అడవి దారి సంగతి తెలిసిందే కదా, రాత్రి తొమ్మిదికి రాకపోకలు ఆపేస్తారు. వటవర్లపల్లిలో టీ కోసం ఆగాం. తిరిగి తాళం తిప్పితే టక్ టక్‌మనే చప్పుడే తప్ప ఇంజిన్ కదలలేదు. అప్పటికి చీకటి పడింది. అమ్మకు చక్కెర జబ్బు, వేళకు తినాలి.

పెట్టె తీశాను. నాలుగు దీపాలూ వెలిగాయి, అంటే నిండుగా ఉన్నట్టు. బయలుదేరే ముందు రాత్రే ఛార్జింగ్ పెట్టాను కూడా. ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు ఇంజిన్ లోహానికి తగిలించాను. తీగ మీద పచ్చ దీపం వచ్చింది. తాళం తిప్పాను. ఇంజిన్ ఒక్కసారి మూలిగింది, పెట్టె మీద దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ తిప్పితే ఆ మూలుగు కూడా లేదు. పెట్టె మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది, ఏదో ఘాటైన వాసన. క్లిప్పులు పీకేసి దాన్ని రోడ్డు పక్క కంకర మీదికి విసిరాను. అప్పటిదాకా మా అబ్బాయి టార్చి పట్టుకుని దాని పక్కనే వంగి నిలబడ్డాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ తగ్గడం లేదు.

యాత్రికులను దింపి వెళ్తున్న జీపు డ్రైవరు ఒకతను ఆపి, తన జీపు బ్యాటరీ నుంచి మా బ్యాటరీకి జంపర్ కేబుళ్లు తగిలించి రెండు నిమిషాల్లో స్టార్ట్ చేయించాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "ముందు గేటు దాటండి అక్కా, టైం అయిపోతుంది" అన్నాడు. అతనికి ఎంత రుణపడ్డామో చెప్పలేను.

వెంట తెచ్చుకున్న ఆ పెట్టె ఆదివారం పొద్దుటికి ఉబ్బింది. మా వీధి చివర కారు ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే ముట్టుకోకుండానే అడుగున ఉన్న స్టిక్కరు చదవమన్నాడు. సన్నటి అక్షరాల్లో 29.6 వాట్ అవర్ అని ఉంది, అంటే పెట్టెలో నిల్వ ఉండే మొత్తం శక్తి. లిథియం సెల్ 3.7 వోల్టులది కాబట్టి 29.6ను 3.7తో భాగించమన్నాడు. 8 వచ్చింది, అంటే 8000 ఎంఏహెచ్. వాళ్లు చెప్పిన 20000 నిజమైతే అక్కడ 74 వాట్ అవర్ ఉండాలి. నాలుగు నెలలుగా ఆ నిజం నా డిక్కీలోనే స్టిక్కరు రూపంలో ఉంది, నేనే తిప్పి చూడలేదు. మరి నాలుగు దీపాలు ఎందుకు వెలిగాయని అడిగాను. దీపాలు చూపేది ఏ భారమూ లేనప్పటి వోల్టేజీ మాత్రమేనట. ఎండకు సెల్ లోపల నిరోధం పెరిగిపోతే దీపాలు నిండుగానే కనబడతాయి, ఇంజిన్ తిప్పే భారం పడగానే వోల్టేజీ కూలిపోతుంది. 2000 ఆంపియర్లన్నది కూడా రెప్పపాటు లెక్క, ఇంజిన్ తిరిగే ఆ మూడు నాలుగు సెకన్లు నిలబడి ఇచ్చే కరెంటు వేరు.

ఇక ఈ రోజు ఫోను. వారంటీ ఏడాది ఉంది కదా అని ధైర్యంగానే చేశాను.

"ఎక్కడ ఉంచారు మేడం?"

"కారు డిక్కీలో."

"ఎండలో ఆపిన కారులోనా?"

"మే నెలలో హైదరాబాద్‌లో ఇంకెక్కడ ఆపుతారండీ?"

"అయితే వారంటీ చెల్లదు. 45 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదని పుస్తకం చివరి పేజీలో ఉంది. మీరు చదవలేదు."

నేను చదవని మాట నిజమే. కానీ వాళ్ల అమ్మకం పేజీలో ఉన్న రెండో బొమ్మే తెరిచిన డిక్కీ, అందులో ఈ పెట్టె, కింద 'ఎప్పుడూ మీ కారులోనే' అన్న మాట! అది చూసే కదా కొన్నది? ఆ మాటే అన్నాను. వాట్ అవర్ లెక్క కూడా చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అతను అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే ఫోను ఇవ్వండి మేడం, ఇవి వాళ్లకైతే అర్థమవుతాయి."

నేను పదహారేళ్లుగా కారు నడుపుతున్నాను. ఆ రాత్రి అడవిలో క్లిప్పులు తగిలించిందీ, కాలుతున్న పెట్టెను విసిరిందీ నేనే. డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు. తప్పుడు సరుకు అంటగట్టి, తప్పు పట్టుకుంటే నన్నే తెలివితక్కువదాన్ని చేసిన ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. ఏమీ అనకుండా ఫోను పెట్టేశాను. అప్పుడే గట్టిగా సమాధానం చెప్పలేకపోయినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

వెంటనే పేజీ తెరిచి చూస్తే డిక్కీ బొమ్మ లేదు. తీసేశారు. నా అదృష్టం కొద్దీ, జనవరిలో తమ్ముడిని కూడా కొనుక్కోమని ఆ బొమ్మ పంపించాను. అది వాడి ఫోనులో ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం యాప్ వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము కూడా లేదు.

కొనేవాళ్లు ఆంపియర్ల అంకె చూడకండి, వాట్ అవర్ ఎంతో రాయనిది కొనకండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. కొన్న రోజే అమ్మకం పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో దాన్ని కారులో వదలకండి, ఇంట్లో ఉంచి ప్రయాణమప్పుడే వెంట తీసుకెళ్లండి, మూడు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టండి. దానితోపాటు ఒక జత మంచి జంపర్ కేబుళ్లు కూడా పెట్టుకోండి.

జనవరిలో ఈ నారింజ పెట్టె కొన్నవాళ్లు మాత్రం ఈ రాత్రే దాన్ని డిక్కీలోంచి తీసి చదునైన బల్ల మీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగితే ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టకండి, విప్పకండి, చెత్తబుట్టలో వేయకండి. నాది బాల్కనీలో సిమెంటు గట్టు మీద, ఇసుక పోసిన బకెట్‌లో ఉంది. రేపు ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి వస్తాను.