సకల పునీతుల పండుగ, సమాధుల పండుగ: తేడా ఏమిటి?

వెంటవెంటనే వస్తాయి కాబట్టి కతోలికుల ఈ రెండు పండుగలూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఎవరు ఎవరి కోసం ప్రార్థిస్తారన్న దగ్గరే అసలు తేడా.

నవంబర్ 1న, సకల పునీతుల పండుగ రోజు, పరలోకం చేరిన పునీతులందరినీ (సెయింట్లను) తలుచుకుని, మా కోసం ప్రార్థించండని వేడుకుంటాం. ఆ రోజు గురువు (ఫాదర్) తెల్లని పూజావస్త్రాలు వేసుకుంటారు, కొండమీది ప్రసంగంలోని ధన్యవచనాలు చదువుతారు.

నవంబర్ 2న, సమాధుల పండుగ రోజు, ప్రార్థించాల్సింది మనం. ఉత్తరించు స్థలంలో, అంటే చనిపోయినవారి ఆత్మలు పరలోకం చేరేముందు శుద్ధి పొందే స్థితిలో, ఉన్న మనవాళ్ల ఆత్మలు త్వరగా దేవుణ్ణి చేరాలని పూజలు చేయిస్తాం. సుమారు వెయ్యేళ్ల క్రితం ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి, ఓడిలో అనే ఆయన స్థిరపరిచిన ఆచారమిది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం లక్షలమందిని బలిగొంటున్నప్పుడు, ఆ రోజు ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని 15వ బెనెడిక్ట్ పోపు అనుమతించారు. మన ఊళ్లలోనైతే సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, బంతిపూలు, కొవ్వొత్తులు పెడతారు. ఫాదర్ గారు వచ్చి సమాధుల మీద పవిత్ర జలం చల్లుతారు.

కన్నీళ్లు పెట్టించేది రెండో రోజే. కానీ మొదటి రోజును వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. ఏ పోపూ పునీతురాలిగా ప్రకటించకపోయినా పరలోకం చేరిన మన నాయనమ్మల పండుగ కూడా అదే. పిల్లల్ని ఆ పూజకూ తీసుకెళ్లండి.